ఊరట వేరు, ఓదార్పు వేరు

2020లో లోకమంతా తలుపులు వేసుకున్నప్పుడు మ్యూజియాలు కూడా మూతపడ్డాయి. ప్రపంచంలోని మ్యూజియాలలో దాదాపు 90 శాతం మూసివేశారని ఆ మే నెలలో యునెస్కో ప్రకటించింది. ఆ వార్త చదివి నేను నొచ్చుకుంటుంటే, వైద్యుడైన నా మిత్రుడు ఫోనులో ఒక మాట అడిగాడు: "ఆసుపత్రి మూసేస్తే మనిషి పోతాడు. బడి మూసేస్తే పిల్లవాడికి ఒక ఏడాది పోతుంది. మ్యూజియం మూసేస్తే ఎవరికి ఏం పోతుంది, చెప్పు?" అతడు రోజుకు పద్నాలుగు గంటలు రోగుల మధ్య గడుపుతున్న రోజులవి. ఎగతాళిగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను ఏదో చెప్పబోయి, ఆ అలసిన గొంతు ముందు నా మాటలు నాకే తేలికగా తోచి ఊరుకున్నాను.

ఆ రోజు నా నోటిదాకా వచ్చినవి అందరూ చెప్పే రెండు సమాధానాలే. కళ మనసుకు హాయినిస్తుంది అన్నది మొదటిది. నిజమే గాని, కంటినిండా నిద్ర కూడా హాయినిస్తుంది, వాన వెలిసిన తర్వాతి ఆకాశం కూడా ఇస్తుంది, వాటికి భవనాలు, కాపలాదార్లు, బడ్జెట్లు అక్కరలేదు. మ్యూజియాలు చరిత్రను భద్రపరుస్తాయి అన్నది రెండవది. భద్రపరచడమే పనైతే తాళం వేసిన గోదాము చాలు, జనాన్ని లోపలికి రానివ్వకపోతే వస్తువులు ఇంకా భద్రంగా ఉంటాయి. ఈ రెండు మాటల్నీ మనం పక్కపక్కన పెట్టి, చరిత్ర ఒక ప్రయోజనమనీ, ఓదార్పు మరొక ప్రయోజనమనీ విడివిడిగా లెక్కపెడతాం. ఆ విడదీయడంలోనే పొరపాటు ఉందని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. మ్యూజియం మనల్ని ఓదార్చగలిగేది అది చరిత్రను దాచకుండా చెప్పినప్పుడు మాత్రమే. చరిత్రను మెత్తబరిచి, నొప్పిని తుడిచేసి, అందాన్ని మాత్రమే గోడకు తగిలించిన చోట మనకు కాసేపు ఊరట దొరకవచ్చు, ఓదార్పు దొరకదు.

ఈ రెండు మాటలకూ నిఘంటువులో పెద్ద తేడా కనిపించకపోవచ్చు గాని వాడుకలో ఉంది. ఊరట ఒంటరిగా కూడా దొరుకుతుంది, నొప్పి తగ్గితే చాలు. ఏడుస్తున్న పసిబిడ్డను ఊరడిస్తాం, అంటే బిడ్డ దేనికి ఏడుస్తోందో మరిచిపోయేట్టు చేస్తాం. ఓదార్పుకు మాత్రం ఎదుట ఒకరు ఉండాలి, మన దుఃఖమేమిటో ఆ ఒకరికి తెలిసి ఉండాలి. పరామర్శకు వచ్చినవాళ్ళలో "ఏం కాదులే, అంతా సర్దుకుంటుంది" అని తొందరగా లేచి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు. అసలు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమని పక్కన కూర్చునేవాళ్ళూ ఉంటారు. రెండవ రకం వాళ్ళు వెళ్ళిపోయాకే మనకు గుండె బరువు కాస్త దిగినట్టు తెలుస్తుంది.

పాత కుండల గది

రెండేళ్ళ క్రితం మా అన్నయ్య ఆసుపత్రిలో చేరాడు. ఐసీయూలోకి ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు ఇంటివాళ్ళలో ఒకరిని అనుమతించేవారు. మధ్యలో ఏడు గంటలు. మూడవ రోజున ఆ వరండాలో కూర్చోలేక బయటికి నడిచి, పక్క వీధిలోని ఒక మ్యూజియంలోకి వెళ్ళాను. చూడాలన్న ఆసక్తితో వెళ్ళలేదు. అక్కడ కుర్చీలు ఉంటాయి, నన్ను ఎవరూ పలకరించరు, అంతే.

కూర్చున్న బల్లకు ఎదురుగా గాజు పెట్టెలో ఒక మట్టి పాత్ర ఉంది. అలంకారం లేదు, ఆకారంలో విశేషం లేదు. అంచు నుంచి కిందికి ఒక పగులు దిగింది. ఆ పగులుకు అటూ ఇటూ జంటలు జంటలుగా సన్నని రంధ్రాలు ఉన్నాయి. మ్యూజియంవాళ్ళు అతికించేటప్పుడు వేసిన రంధ్రాలేమో అనుకున్నాను. కిందనున్న చీటీ చదివితే తెలిసింది, ఆ రంధ్రాలు వేల ఏళ్ళ నాటివి. పాత్ర పగిలినప్పుడు దాన్ని వాడుకుంటున్న మనుషులే పగులుకు ఇరువైపులా తొలిచి, తాడుతోనో నరంతోనో బిగించి కట్టుకున్నారట. తర్వాత చదివితే, తొలి వ్యవసాయ సమాజాల నుంచి రోమన్ల దాకా ఎన్నో చోట్ల ఇటువంటి మరమ్మతులు దొరికాయనీ, గ్రీకులూ రోమన్లూ సీసపు బద్దెలతో కూడా బిగించేవారనీ తెలిసింది. అలా కట్టిన పాత్ర నీళ్ళు నిలుపుకుని ఉండదు. గింజలు పోసుకోవడానికి పనికివచ్చి ఉంటుంది. ఉన్న పని కొంత పోయినా, మిగిలిన పనికోసం ఎవరో కూర్చుని ఓపికగా తొలిచారు.

తర్వాతి ఎనిమిది రోజులూ అక్కడికే వెళ్ళాను. ఐదవ రోజో ఆరవ రోజో ఆ గది కాపలాదారు నా దగ్గరకు వచ్చి, "ఆసుపత్రిలో మీవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగాడు. తల ఊపాను. "పక్కనే కదా, వస్తుంటారు. పెద్ద పెద్ద చిత్రాలున్న హాలులో కూర్చోరు. ఈ గదిలోనే కూర్చుంటారు" అన్నాడు, ఇంకేమీ అడగకుండా తన చోటికి వెళ్ళిపోయాడు. ఈ ఒక్క మాట మీద సిద్ధాంతం కట్టడం సబబు కాదని నాకు తెలుసు. ఆ గదిలో బల్లలు ఎక్కువ ఉండటమే అసలు కారణం కావచ్చు. నన్ను ఆదుకున్నది ఆ పాత్రా, లేక చల్లని నిశ్శబ్దమా అన్న అనుమానం కూడా నాకు పూర్తిగా తీరలేదు. కానీ నిశ్శబ్దం ఆసుపత్రి వెనకనున్న తోటలోనూ ఉండేది. అక్కడ కూర్చుంటే నా ఆలోచనలు నన్నే తినేసేవి. ఇక్కడ నా ఎదుట ఇంకొకరి కష్టం ఒకటి ఉంది, చిన్నదే, ఒక కుండ పగలడం. దాన్ని ఎదుర్కొన్న చేతులు వేసిన గుర్తులు ఉన్నాయి. నన్ను నిలబెట్టింది పాత్ర అందం కానేకాదు, చీటీ మీద రాసిన ఆ ఒక్క నిజం. ఆ చీటీ లేకపోతే అవి నాకు వట్టి రంధ్రాలు.

మా అన్నయ్య పదకొండవ రోజున పోయాడు.

పుండ్లున్న దేహం

ఆ తర్వాత నేను ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను, మిత్రుడి ప్రశ్నకు జవాబు కోసం కొంత, నా కోసం కొంత. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి ఉంచింది ఇప్పుడు ఫ్రాన్సులోని కోల్మార్ పట్టణంలో, ఉంటర్‌లిండెన్ మ్యూజియంలో ఉన్న ఐసెన్‌హైమ్ పూజాపీఠం. మథియాస్ గ్రూనెవాల్డ్ అనే చిత్రకారుడు 1512కూ 1516కూ మధ్య దానికి చిత్రాలు వేశాడు. వేసింది రాజుకోసమో సంపన్నుడికోసమో కాదు, ఆంటొనైన్ సన్యాసులు నడిపే ఒక మఠానికి. ఆ సన్యాసులు సెయింట్ ఆంథోనీ అగ్ని అనే జబ్బుతో వచ్చినవాళ్ళకు సేవ చేసేవారు. రై గింజలకు పట్టే ఒక బూజు రొట్టెలోకి చేరి ఆ జబ్బు తెచ్చేది. కాళ్ళూ చేతులూ నిప్పు పెట్టినట్టు మండి, చర్మం నల్లబడి, చివరికి అవయవాలు కుళ్ళి తొలగించవలసి వచ్చేది. రొట్టే కారణమని ఆ కాలంలో ఎవరికీ తెలియదు.

అటువంటి రోగుల్ని తీసుకువచ్చి ఆ పీఠం ముందు ఉంచేవారు. వాళ్ళకు కనిపించిన శిలువమీది క్రీస్తు శాంతమూర్తి కాడు. ఒళ్ళంతా ముళ్ళు గుచ్చుకుని పుండ్లు పడ్డాయి, చర్మం ఆకుపచ్చగా తిరిగింది, వేళ్ళు బాధతో వంకర్లు పోయి ఆకాశంవైపు చాచుకున్నాయి. మరొక పలక మీద ఉబ్బిన పొట్టతో, ఒళ్ళంతా కురుపులతో ఒక మనిషి మూలన పడి ఉంటాడు. చూసే రోగికి అది తన ఒళ్ళే. అదే పీఠానికి తలుపుల్లా ఉన్న రెక్కలు తెరిస్తే, అదే దేహం పుండ్లు మానిపోయి కాంతిలోకి లేచే పునరుత్థానం కూడా ఉంది. కానీ రోగి మామూలు రోజుల్లో చూసేది మూసి ఉంచిన రెక్కలనే, అంటే శిలువనే. ఆ రెండవ దృశ్యం పండుగ రోజులకు దాచి ఉంచేవారు.

దీని గురించి నేను ఎంతసేపు ఆలోచించానో చెప్పలేను. అలసిపోయిన రోగికి పూలతోట చూపించాలని మనకు అనిపిస్తుంది. నేటి ఆసుపత్రి గోడల మీద మనం తగిలించేవి కూడా అవే, కొండలు, కొలనులు, తామరపూలు. ఆ సన్యాసులు మాత్రం రోగికి అతడి పుండునే చూపించారు. వాళ్ళ దగ్గర జబ్బును పూర్తిగా మాన్పే మందు లేదు. నీ బాధ దేవుడికి తెలుసు అని చెప్పడానికి వాళ్ళకు దొరికిన దారి, ఆ బాధను ఒక్క గాయం కూడా తగ్గించకుండా దేవుడి ఒంటి మీద గీయించడం. దైవాన్ని నమ్మనివాడికి ఆ కథ ఎలా తోచినా, ఆ చిత్రకారుడు రోగుల్ని దగ్గర నుంచి చూసి ఉంటాడని మాత్రం ఆ పుండ్లే చెబుతాయి. ఈ పీఠాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీలోని మ్యూనిక్‌కు తరలించి, 1918 చివర అక్కడ ప్రదర్శనకు ఉంచితే జనం విరగబడ్డారు. యుద్ధంలో ఓడి, ఇంటింటా ఒక చావు చూసిన మనుషులు అంతకన్నా ఆహ్లాదకరమైన చిత్రాలు ఎన్నో ఉన్న నగరంలో, నాలుగు వందల ఏళ్ళ నాటి ఒక చిత్రహింస దృశ్యం ముందు నిలబడటానికి వచ్చారు.

లండన్ అడిగిన చిత్రం

నా వాదానికి బలమైన అడ్డు ఎక్కడుందో చెప్పకుండా దాటిపోవడం న్యాయం కాదు. అది రెండవ ప్రపంచ యుద్ధకాలపు లండన్‌లో ఉంది. 1939లో యుద్ధం మొదలవుతుండగానే అక్కడి నేషనల్ గ్యాలరీలోని చిత్రాలను నగరం దాటించేశారు. తర్వాత 1941లో వాటిని వేల్స్‌లోని మానోడ్ పలకరాతి గనిలో, కొండ కడుపులో దాచారు. ఖాళీ అయిన భవనంలో పియానో విద్వాంసురాలు మైరా హెస్ మధ్యాహ్న కచేరీలు ఏర్పాటు చేసింది. 1939 అక్టోబరు 10న మొదలైన ఆ కచేరీలు సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆరేళ్ళకు పైగా సాగాయి, దాదాపు 1,700 దాకా. బాంబులు పడుతున్న రోజుల్లో నేలమాళిగలోకి దిగి వాయించారు. ఉద్యోగులు, సైనికులు, సెలవు దొరికిన నర్సులు మెట్లమీద కూర్చుని విన్నారు. బాహ్, మొజార్ట్‌ల సంగీతం యుద్ధం గురించి ఏమీ చెప్పదు. అక్కడ చరిత్ర ఎక్కడుంది? గంటసేపు మరపు దొరికింది, అదే వాళ్ళకు కావలసింది. దాన్ని చిన్నబుచ్చే అర్హత నాకు లేదు. వారం రోజులుగా నిద్రలేనివాడికి ఊరట కూడా ప్రాణమే.

కానీ కథ అక్కడితో ఆగలేదు. 1942 జనవరిలో ఒక పత్రికకు ఎవరో ఉత్తరం రాశారు. లండన్ ముఖం గాయపడి ఉంది గనుకనే మాకు అందమైనవి చూడవలసిన అవసరం ఎన్నడూ లేనంతగా ఉంది, ఒక్క చిత్రాన్నైనా వెనక్కి తెప్పించండి అన్నది దాని సారాంశం. గ్యాలరీ డైరెక్టరు కెన్నెత్ క్లార్క్ ఒప్పుకున్నాడు. నెలకు ఒక్క చిత్రాన్ని గని నుంచి తెప్పించి, ఖాళీ హాలులో ఒంటరిగా వేలాడదీసి, రాత్రి కాగానే కిందనున్న భద్రమైన గదిలోకి దింపేవారు. ఆ వరసలో మొదట వచ్చింది ఇటలీ చిత్రకారుడు టిషియన్ వేసిన ఒక చిత్రం. సమాధి నుంచి లేచిన క్రీస్తును మగ్దలేనా మరియ గుర్తుపట్టి చేయి చాస్తుంది, ఆయన తాకవద్దని మెల్లగా ఒళ్ళు వెనక్కి తీసుకుంటాడు.

ఉత్తరం అందమైన చిత్రాన్ని కోరింది, వచ్చింది కూడా అందమైన చిత్రమే. వెనకాల కొండలు, నీలి దూరాలు ఉన్నాయి. కానీ దాని కథేమిటి? పోయారనుకున్న మనిషి ఎదుట కనిపించినా చేతికి అందకపోవడం. ఆ నగరంలో ఆ చిత్రం ముందు నిలబడినవాళ్ళలో, రెండేళ్ళుగా కలల్లో తప్ప తమవాళ్ళను చూడనివాళ్ళు ఎందరుండి ఉంటారు? వాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలిసే మార్గం లేదు, ఇది నా ఊహ మాత్రమే. అయితే ఇంకొకటి ఊహ కాదు. అదే యుద్ధకాలంలో, అదే భవనంలో, యుద్ధ చిత్రకారుల ప్రదర్శనలు కూడా నడిచాయి. భూగర్భ రైలు స్టేషన్ల ప్లాట్‌ఫారాల మీద వరసగా పడుకున్న జనాన్ని శిల్పి హెన్రీ మూర్ గీసిన బొమ్మలు ఆ కాలానివే. రాత్రి ప్లాట్‌ఫారం మీద పడుకున్న మనిషి, పగలు వచ్చి తనలాంటివాళ్ళు బొమ్మల్లో పడుకుని ఉండటం చూడగలిగాడు. కింద సంగీతం, పక్క గదిలో ఆ బొమ్మలు. నా మిత్రుడికి ఇప్పుడు సమాధానం చెప్పవలసివస్తే, మొదట ఈ భవనాన్నే చూపిస్తాను.

ఖాళీ చట్రాలు

రష్యాలోని లెనిన్‌గ్రాడ్, అంటే నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియం కథ ఇంకా కఠినమైనది. 1941 జూన్‌లో జర్మనీ దాడి చేసిన కొద్ది వారాల్లోనే పది లక్షలకు పైగా వస్తువులను రెండు రైళ్ళలో ఉరల్ పర్వతాల అవతలికి పంపారు. మూడవ రైలు వెళ్ళేలోగా ముట్టడి బిగిసింది. ఆ ముట్టడి 872 రోజులు నడిచింది. చిత్రాలు తీసుకుపోయినా చట్రాలను గోడల మీదే ఉంచేశారు, తిరిగి వచ్చిన రోజున ఏది ఎక్కడో తెలియాలని. నేలమాళిగల్లో రెండు వేలమంది దాకా తలదాచుకున్నారు. 1941 అక్టోబరులో, నగరం ఆకలితో మాడుతుండగా, డైరెక్టరు ఇయోసిఫ్ ఓర్బెలీ పారశీక కవి నిజామీ ఎనిమిది వందల ఏళ్ళ జయంతి సభ జరిపించాడు. సభలో మాట్లాడినవాళ్ళలో కొందరు యుద్ధరంగం నుంచి నేరుగా వచ్చారు.

ఆ మ్యూజియంలో గైడుగా పనిచేసిన పావెల్ గుబ్చెవ్‌స్కీ, భవనంలో పనులకు సాయం చేసిన యువ సైనికులకు కృతజ్ఞతగా గ్యాలరీలు చూపించాడు. గోడల మీద ఉన్నది ఖాళీ చట్రాలే. అతడు ఒక్కొక్క చట్రం ముందు ఆగి, ఇక్కడ ఏ చిత్రం ఉండేదో, అందులో ఎవరు ఎటు తిరిగి నిలబడి ఉన్నారో, వెలుగు ఎటు నుంచి పడుతోందో జ్ఞాపకం నుంచి వర్ణించాడు. ఇది మొదటిసారి చదివినప్పుడు, చిత్రం లేకుండానే మ్యూజియం పని జరిగిందని ఆశ్చర్యపోయాను. పదోసారి చదివినప్పుడు, అక్కడ జరిగిందే అసలైన మ్యూజియం పని అనిపించింది. ఉన్నది పోయిందని ఒప్పుకోవడం, పోయినదాని కొలతలు చెరిపేయకుండా ఉంచడం, దాన్ని ఎరిగినవాడు ఎరగనివాడికి చెప్పడం. ఖాళీ చట్రం అబద్ధం చెప్పదు.

మిత్రుడు ఇక్కడ నన్ను ఆపుతాడు, నాకు తెలుసు. ఆ రైళ్ళలో చిత్రాల బదులు మనుషులను పంపి ఉంటే? తర్వాత ఆ నగరంలో ఆకలితో, చలితో ఎనిమిది లక్షలకు పైగా పౌరులు చనిపోయారు. ముట్టడి అంతకాలం సాగుతుందని ఆ జూలైలో తెలియదనీ, మనుషుల తరలింపుకు వేరే రైళ్ళు నడిచాయనీ చెప్పవచ్చు. అవి నిజాలే గాని, ఆ ప్రశ్నను అవి పూర్తిగా కడిగెయ్యవు. ఒక్క బోగీకీ ఒక్క బిడ్డకూ మధ్య ఎంచుకోవలసి వస్తే నేను చిత్రాన్ని దింపేస్తాను, ఏ చిత్రమైనా సరే. కళ మనిషి ప్రాణంకన్నా విలువైనదని వాదించేవాళ్ళ పక్షాన నేను లేను. నా వాదం అంతకన్నా చిన్నది. బతికి ఉన్నవాడికి బతికి ఉండటం ఒక్కటే చాలదని, ఆకలితో కాళ్ళు ఈడ్చుకుంటూ ఆ సభకు వచ్చినవాళ్ళే చెప్పారు.

ఎవరికి ఓదార్పు?

ఇంతకన్నా నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం మరొకటి. మ్యూజియం చరిత్రను నిజంగా చెబుతుందని ఎవరు హామీ ఇస్తారు? 1897లో బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలోని బెనిన్ నగరాన్ని తగలబెట్టి, రాజభవనం నుంచి వేల కంచు శిల్పాలనూ ఏనుగుదంతం పనులనూ ఎత్తుకుపోయింది. అవి యూరప్, అమెరికా మ్యూజియాలకు చెదిరిపోయాయి. అక్కడి ప్రశాంతమైన గదుల్లో వాటి ముందు నిలబడి ఎందరో సాంత్వన పొంది ఉంటారు. అదే గదిలోకి ఆ రాజ్యపు వారసుడు అడుగుపెడితే అతడికి కనిపించేది దోపిడీ సొమ్ము. నా సిద్ధాంతం నిలవాలంటే, ఆ ప్రశాంతతను ఓదార్పు అనడానికి వీల్లేదు. ఒకరి గాయాన్ని కప్పిపెట్టి ఇంకొకరికి ఇచ్చేది ఊరటే. జర్మనీ 2022లో వెయ్యికి పైగా బెనిన్ వస్తువుల హక్కును నైజీరియాకు అప్పగించింది, ఆ డిసెంబరులోనే ఇరవై వస్తువులు తిరిగి చేరాయి. వస్తువు వెళ్ళిపోయిన ఖాళీ అల్మరా దగ్గర అది ఎలా వచ్చిందో, ఎందుకు వెళ్ళిపోయిందో రాసి పెడితే, లెనిన్‌గ్రాడ్ చట్రంలాగే అదీ నిజం చెబుతుంది. అటువంటి మ్యూజియం పేదదైపోతుందని భయపడేవాళ్ళతో నేను ఏకీభవించలేను.

చిత్రకారుడు చూసిన నిజం గోడమీదికి ఎక్కడానికి ఎంతకాలం పడుతుందన్నది ఇంకో చిక్కు. స్పెయిన్ చిత్రకారుడు గోయా తన దేశంలో జరిగిన యుద్ధపు ఘోరాలను 82 ఫలకాల మీద చెక్కి, ఒకదాని కింద "నేను దీన్ని చూశాను" అని రాశాడు. ఆయన బతికుండగా అవి ప్రచురణ కాలేదు. ఆయన 1828లో పోతే, వాటిలో ఎనభై 1863లో బయటికి వచ్చాయి. 1943 బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ మిద్నాపూర్ జిల్లా తిరిగి, ఎండిపోయిన మనుషులను పేర్లతో సహా గీసి పుస్తకంగా వేస్తే, బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులను పట్టుకుని నాశనం చేసింది. కళ చరిత్రకు అద్దం పడుతుందని మనం సులువుగా అనేస్తాం. అద్దానికి ఎదుటివాడు పక్కకు తప్పుకుంటే ఏమీ గుర్తుండదు, అద్దాన్ని ఎవరూ తగలబెట్టాలనుకోరు. వీళ్ళు చేసింది సాక్ష్యం చెప్పడం. సాక్షికి ఉండే ప్రమాదాలన్నీ వాళ్ళ పనికీ ఉన్నాయి.

పేర్లతో సహా అన్నాను. ఆ మాట దగ్గర ఇంకొంచెం ఆగాలి. నాజీలు యూదులను బంధించిన టెరెజిన్‌లో ఫ్రీడ్ల్ డిక్కర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలకు బొమ్మలు నేర్పింది. దొరికిన కాగితం ముక్కల మీదే గీయించింది. ప్రతి బొమ్మ మీదా గీసినవాళ్ళ పేరు ఉండాలని పట్టుబట్టింది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపారు. ఆ పిల్లల్లో ఎక్కువమందిని కూడా చంపేశారు. దాచిపెట్టిన రెండు పెట్టెల్లో దాదాపు 4,500 బొమ్మలు మిగిలి, యుద్ధం తర్వాత ప్రాగ్‌లోని యూదు మ్యూజియానికి చేరాయి. గీస్తున్నంతసేపూ ఆ పిల్లలకు దొరికింది ఊరటే అయి ఉండవచ్చు, సీతాకోకచిలుకలు, ఇళ్ళు, పూలు. పేరు రాయించడం మాత్రం వేరే పని. ఫలానా బిడ్డ ఉండేదని, ఈ గీత ఆ చేతిదని చెప్పడానికి ఆ అక్షరాలే సాక్ష్యం.

మూడు చక్రాల సైకిలు

హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలో ఒక చిన్నపిల్లవాడి మూడు చక్రాల సైకిలు ఉంది, తుప్పుపట్టి, వంగిపోయి. ఇంకా నాలుగేళ్ళు నిండని ఆ బాబు 1945 ఆగస్టు 6 ఉదయం ఇంటి ముందు దాని మీద ఆడుకుంటున్నాడు. ఆ రాత్రే చనిపోయాడు. అంత చిన్నవాడిని దూరంగా సమాధిలో ఒంటరిగా ఉంచడానికి మనసొప్పక, తండ్రి పెరట్లోనే పాతిపెట్టి, సైకిలును కూడా పక్కనే పెట్టాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1985లో, అస్థికలను తీసి కుటుంబ సమాధిలో ఉంచి, సైకిలును మ్యూజియానికి ఇచ్చాడు.

దాని ముందు నిలబడినవాడికి ఓదార్పు దొరుకుతుందని ఎవరూ అనలేరు. చూసినవాళ్ళు కుంగిపోతారు. నా వాదంలో ఇది ఇమడదేమోనని చాలాకాలం సందేహించాను. తర్వాత తోచింది, నేను చూస్తున్నది చూడటానికి వచ్చినవాడి వైపు నుంచి మాత్రమే. ఇచ్చినవాడి వైపు నుంచి చూడాలి. ఆ తండ్రి నలభై ఏళ్ళు తన పెరట్లో ఒక్కడే మోసినదాన్ని, ఇక మీరూ మోయండి అని లోకానికి అప్పగించగలిగిన చోటు అది. అటువంటి చోటు ఒకటి ఉండటమే ఆయనకు దొరికిన ఓదార్పు అయి ఉంటుంది, కొంతైనా. మిత్రుడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఉన్న సమాధానం ఇంతే. మ్యూజియం మూసేస్తే, దుఃఖాన్ని తీసుకువెళ్ళి పెట్టడానికి మనకున్న ఒక చోటు పోతుంది.

ఇది అతడికి ఈమధ్య చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 2020లో తన వార్డులో ఒక నర్సు రక్షణ దుస్తుల మీద స్కెచ్ పెన్నుతో తన పేరు, ఒక నవ్వు బొమ్మ వేసుకునేదనీ, ముఖాలు కనబడని ఆ రోజుల్లో రోగులు ఆమెను ఆ బొమ్మతోనే గుర్తుపట్టేవారనీ చెప్పాడు. "ఆ దుస్తులు రోజూ కాల్చేసేవాళ్ళం. ఒక్కటైనా ఉంచి ఉండాల్సింది" అన్నాడు.

మా అన్నయ్య గొంతులో గొట్టం ఉన్నప్పుడు మాట్లాడలేక కాగితం మీద రాసి చూపించేవాడు. అలా రాసినవాటిలో ఒక్కటే నా దగ్గర మిగిలింది. "కిటికీ తెర తియ్యి" అని ఉంది. వంకర అక్షరాలు, చివరి అక్షరం కాగితం అంచు దాటి పోయింది. దాన్ని ఎవరికైనా చూపించడానికి నాకు ఇంకా మనసు రాలేదు, ఆ తండ్రికి నలభై ఏళ్ళు ఎందుకు పట్టిందో ఇప్పుడు తెలుస్తోంది. కాగితాన్ని ఒక కవరులో పెట్టాను. సిరా పాకుతుందని మ్యూజియంవాళ్ళు పెన్సిలే వాడతారట. కవరు మీద పెన్సిలుతో తేదీ రాసి, కింద అన్నయ్య పేరు రాసి, ఏ కిటికీయో, తెర తీశాక ఆ ఉదయం బయట ఏం కనిపించిందో కూడా రాసి పెట్టాను.